వన్‌టౌన్ ముక్కలు, మంగళగిరి అంచు

పాత నూలుచీరలతో బొంతలు కుట్టడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం. చెల్లెలి మనవరాలి కోసం మొదలుపెట్టిన పొత్తిళ్ల బొంతకు అడుగు పొర తక్కువపడడంతో ఈమధ్య ఒక ఆదివారం గుంటూరులో ప్యాసింజరు రైలెక్కి విజయవాడ వెళ్లాను. కృష్ణా కెనాల్ దాటి రైలు వంతెన మీదికి రాగానే ఎడమచేతివైపు ప్రకాశం బ్యారేజీ, దాని కొసన ఇంద్రకీలాద్రి కనిపించాయి. ఆ కొండ పక్కనే విజయవాడ పాతపేట వన్‌టౌన్.

అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలో వ్యాపారమంతా టోకు కనుక, నావంటివారికి చుట్టుపక్కల సందుల్లోని కట్‌పీసు దుకాణాలే గతి. తానుల్లో మిగిలిన ముక్కలు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి గానీ, వాటిలో నూలేదో పాలియెస్టరేదో చేతికి అంత సులభంగా తెలియదు. అందుకని దుకాణదారు అనుమతితో బయట మెట్ల మీద నిలబడి, ఒక్కో ముక్క నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూశాను. నూలుపోగు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. చెమట పీల్చని గుడ్డను పసిపిల్ల ఒంటికి తగలనివ్వడం నాకు ఇష్టం లేదు కనుక, ఎంత అందమైన పువ్వులున్నా ముద్దకట్టిన ముక్కలన్నీ అక్కడే వదిలేశాను.

అసలు సంపద కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దొరికింది. స్టీలు గిన్నెలిచ్చి ఇంటింటా పాతబట్టలు తీసుకునే ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని మూటలు వేరుచేస్తోంది. నూలుచీరలన్నీ ఒక పక్కకు నెడుతుంటే ఎందుకని అడిగాను.

"ఇవి కట్టుకోవడానికి పనికిరావమ్మా. ఆటోనగర్ షెడ్లవాళ్లు నూనె తుడుచుకోవడానికి తీసుకుంటారు" అంది.

"నేను బొంతలు కుడతాను పెద్దమ్మా, నన్ను చూసుకోనివ్వవూ?" అంటే మూటంతా నా ముందుకు జరిపింది.

పాతచీరను రంగు చూసి ఎంచుకోకూడదని నా నమ్మకం. ముందు ఎండకు ఎత్తిపట్టి చూడాలి. కూర్చున్నప్పుడు రాపిడి తగిలే భాగం జల్లెడలా పలచబడి ఉంటుంది. పమిట కొస తరచు గట్టిగానే ఉంటుంది. తర్వాత రెండు బొటనవేళ్లతో నిలువు పోగులైన పడుగువైపు ఒకసారి, అడ్డ పోగులైన పేకవైపు ఒకసారి లాగాలి. చిటుక్కుమన్న చప్పుడు వినిపిస్తే ఆ భాగం కుట్టుకు నిలవదు. అలా ఎంచిన వాటిలో వెలిసిన నేరేడురంగు చీర ఒకటి, ఒంటిమీద బుటా ఏదీ లేకుండా, నల్లబడిన జరీ అంచుతో ఉంది. ఎన్ని ఉతుకులు చూసిందో గానీ నేత ఎక్కడా విడలేదు. అటువంటి గుడ్డ గ్రీజు పాలు కాకుండా నా చేతికి వచ్చినందుకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లెనిన్ సెంటర్‌లో పాతపుస్తకాల దుకాణాల ముందు కాసేపు ఆగి, కుట్టుపని బొమ్మలున్న ఒక పాత మాసపత్రిక కొనుక్కున్నాను.

తిరుగు ప్రయాణంలో మంగళగిరిలో దిగి, గుంటమగ్గం మీద పని చేస్తున్న ఒక నేతగారికి ఆ చీర చూపించాను. ఆయన అంచును వేలితో తడిమి, "నిజాం అంచండీ, ఇది మా ఊరి నేతే" అన్నారు. బొంత చుట్టూ వేయడానికి ఆయన దగ్గరే కొత్త గుడ్డ కొద్దిగా తీసుకున్నాను. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోయి పక్కనున్న పాతగుడ్డను లాగేస్తుంది కనుక, ఇంటికి రాగానే దాన్ని విడిగా నానబెట్టి, ఉతికి, ఆరేశాను.

ఇప్పుడు పొరలన్నీ పరిచి, కదలకుండా తాత్కాలికంగా కచ్చాకుట్టు వేయడం పూర్తయింది. నేరేడురంగు చీర అడుగు పొరకు సరిగ్గా సరిపోయింది. జరీ పిల్ల ఒంటికి గుచ్చుకుంటుందని అంచును మాత్రం విడదీసి, మా అమ్మ కోసం కుట్టబోయే పెద్దబొంతకు తలవైపు వేయడానికి దాచాను.