మూడు డొమైన్లు, ఒకటే నెట్‌వర్క్: మా మెయిల్ పని ఎక్కడిదాకా వచ్చిందంటే

ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి నెల రోజులుగా శని ఆదివారాలు కూర్చుని చేస్తున్న పని ఇది. ముగ్గురి దగ్గరా చిన్న చిన్న సర్వర్లున్నాయి, వాటిని వైర్‌గార్డ్‌తో (సర్వర్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన టనెల్ వేసే ప్రోగ్రామ్) ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చాం, ఎవరి డొమైన్ వాళ్లదే, ఎవరి మెయిల్ సర్వర్ వాళ్లదే, కానీ ఒకళ్ల నుంచి ఇంకొకళ్లకి మెయిల్ వెళ్తే అది బయట ఇంటర్నెట్ మొహం చూడకుండా ఈ నెట్‌వర్క్‌లోనే తిరగాలి, అంతే మా కోరిక.

పేర్లకి చెట్ల పేర్లు పెట్టుకున్నాం. నాది వేప డాట్ టెస్ట్ (10.20.0.1), మిగతావి చింత డాట్ టెస్ట్ (10.20.0.2), రావి డాట్ టెస్ట్ (10.20.0.3). ముందు డాట్ లోకల్ అనుకున్నాం గానీ అది ఎమ్‌డీఎన్ఎస్ వాడుకునే పేరు, కొన్ని మెషీన్లు మన డీఎన్ఎస్‌ని (పేరు ఇస్తే అడ్రస్ చెప్పే సర్వీస్) అడక్కుండా నెట్‌వర్క్‌లో కేకేసి వెతుకుతాయి, అందుకని వదిలేశాం. డాట్ టెస్ట్‌ని 1999లోనే ఆర్ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో టెస్టింగ్ కోసమని పక్కన పెట్టేశారు, బయట ఎవ్వరూ రిజిస్టర్ చేసుకోలేరు, కాబట్టి పొరపాటున మెయిల్ దారి తప్పినా వేరేవాళ్ల సర్వర్‌లో పడదు. మూడు చోట్లా డెబియన్ లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్.

మొదటి వారం నా సర్వర్‌ని మధ్యలో పెట్టాం. చింత, రావి రెండిట్లో రిలేహోస్ట్‌గా (తనది కాని మెయిల్‌ని అప్పగించే సర్వర్) నా అడ్రస్, నా దగ్గర ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో రెండు లైన్లు: చింత డాట్ టెస్ట్ వస్తే 10.20.0.2కి పంపు, రావి డాట్ టెస్ట్ వస్తే 10.20.0.3కి పంపు. ఇక్కడ ఐపీ చుట్టూ స్క్వేర్ బ్రాకెట్లు పెట్టడం మర్చిపోకూడదు, బ్రాకెట్లు ఉంటే "ఎమ్ఎక్స్ రికార్డ్ వెతక్కు, నేరుగా ఇక్కడికే వెళ్లు" అని అర్థం. ఎమ్ఎక్స్ అంటే ఒక డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డ్. ఫైల్ మార్చాక పోస్ట్‌మ్యాప్ కొట్టాలి, లేకపోతే పాత లైన్లే నడుస్తుంటాయి.

రావికి మొదటి మెయిల్ పంపా, సెకన్లో చేరింది. చింతకి పంపితే ఎర్రర్‌తో తిరిగొచ్చింది, "టూ మెనీ హాప్స్" అని, అంటే మరీ ఎక్కువసార్లు సర్వర్ల చేతులు మారిందని. ఆ బౌన్స్ మెయిల్ తెరిచి హెడర్లు చూస్తే రిసీవ్డ్ లైన్లు (మెయిల్ తీసుకున్న ప్రతి సర్వర్ ఒకటి చేరుస్తుంది) ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉన్నాయి, వేప, చింత, వేప, చింత, వేప, చింత అని కిందిదాకా, టైమ్ చూస్తే అన్నీ కొన్ని సెకన్ల తేడాలోనే. అంటే నేను చింతకి ఇస్తున్నా, అది మళ్లీ నాకే ఇస్తోంది, పోస్ట్‌ఫిక్స్‌లో హాప్ లిమిట్ మామూలుగా 50 ఉంటుంది కాబట్టి ఆ లెక్క దాటగానే ఆగింది, లేకపోతే రెండూ అలా విసురుకుంటూనే ఉండేవి.

కారణం ఎక్కడుందంటే మైడెస్టినేషన్‌లో, అంటే సర్వర్ తనవి అనుకునే డొమైన్ల లిస్ట్‌లో. చింతలో దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోకపోతే అందులో హోస్ట్‌నేమ్ ఉంటుంది, లోకల్‌హోస్ట్ ఉంటుంది, ఉత్త డొమైన్ మాత్రం ఉండదు. అంటే మెయిల్ డాట్ చింత డాట్ టెస్ట్ తనదే అని దానికి తెలుసు, చింత డాట్ టెస్ట్ తనదని తెలీదు. నా ఐపీ దాని మైనెట్‌వర్క్స్‌లో (నమ్మి మెయిల్ తీసుకునే అడ్రస్‌ల లిస్ట్) ఉంది కాబట్టి అడ్డు చెప్పకుండా తీసుకుంది, తనది కాదు కాబట్టి రిలేహోస్ట్‌కి, అంటే తిరిగి నాకే పంపింది. డొమైన్ చేర్చి రీలోడ్ చేస్తే పోయింది. అప్పటి నుంచి మాకొక అలవాటు, ఏ డొమైన్ గురించైనా ప్రతి సర్వర్‌నీ ముందు ఒకటే అడుగుతాం: ఇది నీదా, నువ్వు చేరవేసేదా, నీకు సంబంధం లేనిదా? ఒక డొమైన్ ఒక సర్వర్‌లో ఈ మూడిట్లో ఒక్కచోటే ఉండాలి, మైడెస్టినేషన్‌లోనూ రిలే డొమైన్స్‌లోనూ (చేరవేసే డొమైన్ల లిస్ట్) రెండు చోట్లా రాయకూడదు.

మైనెట్‌వర్క్స్ కూడా అదే రోజు బిగించాం. ముందు సబ్‌నెట్ మొత్తం /24 (10.20.0తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ) ఇచ్చేశాం, అలా ఇస్తే ఆ నెట్‌వర్క్‌లో చేరిన ఏ ల్యాప్‌టాప్ అయినా నా సర్వర్ మీదుగా ఎవరికైనా మెయిల్ పంపేయొచ్చు, ఇప్పుడు మూడు సర్వర్ల అడ్రస్‌లు మాత్రమే /32గా, అంటే ఒక్కో అడ్రస్ విడిగా, ఉన్నాయి.

రెండో వారం ఈ మధ్యలో ఉండే పద్ధతే నచ్చలేదు నాకు, నా మెషీన్ ఆగిపోతే మిగతా ఇద్దరి మధ్య కూడా ఉత్తరాలు ఆగిపోతున్నాయి, అది తప్పు. అందుకని ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లు, రిలేహోస్ట్‌లు తీసేసి ఎమ్ఎక్స్ రికార్డులకి మారాం. ముగ్గురి దగ్గరా డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్, ముగ్గురికీ ఒకటే ఫైల్. చింతకి మొదటి ఎమ్ఎక్స్ చింతే, నంబర్ 10, రెండోది నా సర్వర్, నంబర్ 20. రావికీ అంతే. చిన్న నంబర్‌ని ముందు ట్రై చేస్తుంది, అది పలక్కపోతే 20కి వస్తుంది. నా సర్వర్ ఆ మెయిల్‌ని తీసుకుని క్యూలో పెట్టుకుంటుంది, మళ్లీ ట్రై చేసే గ్యాప్ 300 సెకన్ల నుంచి పెరుగుతూ 4000 దాకా వెళ్తుంది, 5 రోజులైనా చేరకపోతే అప్పుడు వెనక్కి కొడుతుంది. లూప్ అవుతుందేమో అని భయపడ్డాం గానీ ఎమ్ఎక్స్ లిస్ట్‌లో పోస్ట్‌ఫిక్స్ తన పేరు తనే చూసుకుంటే తన నంబరూ అంతకన్నా పెద్ద నంబర్లూ వదిలేస్తుంది, కాబట్టి నా దగ్గర నుంచి 10కి తప్ప ఎక్కడికీ వెళ్లదు.

బ్యాకప్‌గా ఉండాలంటే నా రిలే డొమైన్స్‌లో ఆ రెండు డొమైన్లూ ఉండాలి, వాటితో పాటు రిలే రిసిపియెంట్ మ్యాప్ కూడా పెట్టా, అంటే అవతల నిజంగా ఉన్న అడ్రస్‌ల లిస్ట్. ఇది లేకపోతే లేని అడ్రస్‌కి వచ్చిన మెయిల్‌ని కూడా ఒప్పుకుని, తర్వాత చింత కాదంటే, పంపినవాళ్లకి బౌన్స్ రాయాల్సి వస్తుంది. గుమ్మం దగ్గరే లేదని చెప్పడం నయం.

ఈ మార్పు చేసిన రోజు ఒక గంట వృథా అయింది. డిగ్ (డీఎన్ఎస్‌ని అడిగి చూసే కమాండ్) కొడితే ఎమ్ఎక్స్ చక్కగా కనిపిస్తోంది, పోస్ట్‌ఫిక్స్ మాత్రం డొమైన్ దొరకలేదంటోంది. మా డెబియన్ సెటప్‌లో పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రామ్‌లు చాలావరకు క్రూట్‌లో (తన ఫోల్డర్ దాటి బయటికి చూడలేని గది లాంటిది) నడుస్తాయి, రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌కి (ఏ డీఎన్ఎస్‌ని అడగాలో రాసుండే ఫైల్) స్పూల్ ఫోల్డర్ లోపల ఇంకో కాపీ ఉంటుంది, అందులో పాత డీఎన్ఎస్ అడ్రసే మిగిలిపోయింది. రీలోడ్ చాల్లేదు, రీస్టార్ట్ చేస్తే కొత్తది కాపీ అయింది.

మూడో వారం మొత్తం రావితోనే సరిపోయింది. రెండు లైన్ల మెయిల్ వెళ్తుంది, ఫొటో అటాచ్ చేస్తే వెళ్లదు. లాగ్‌లో "టైమ్డ్ ఔట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ" అని ఉంది. అదే లైన్‌లో డిలేస్ అని స్లాష్‌లతో నాలుగు అంకెలుంటాయి చూడండి, మొదటిది క్యూకి చేరేముందు పట్టిన టైమ్, రెండోది క్యూలో, మూడోది కనెక్షన్‌కి, నాలుగోది అసలు పంపడానికి. మొదటి మూడూ సున్నాకి దగ్గర్లో ఉన్నాయి, నాలుగోది 180 సెకన్లు. అంటే తలుపు తీశారు, మాట్లాడుకున్నారు, సామాను మాత్రం లోపలికి పోవట్లేదు. ఇది మెయిల్ సెట్టింగ్ సమస్య కాదని అక్కడే అర్థమైంది.

రావి కనెక్షన్ పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్‌లు వాడే పద్ధతి), దాని ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ ఉండగల అతి పెద్ద సైజ్, 1492 బైట్లు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, మా టనెల్ ఐపీవీ6 మీద వెళ్తోంది కాబట్టి దానికి టనెల్ హెడర్ల 80 బైట్లు కలిపితే 1500, ఆ 8 బైట్లు ఎక్కువై పెద్ద ప్యాకెట్లు మధ్యలో పడిపోతున్నాయి. ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ చేశా, పెద్ద సైజ్ ఇస్తే జవాబు లేదు, కాస్త తగ్గిస్తే వెంటనే వచ్చింది, 1492లోంచి ఆ 80 తీసేస్తే సరిగ్గా 1412. రెండు వైపులా టనెల్ ఎమ్‌టీయూ 1412 చేసి క్యూని ఫ్లష్ చేస్తే అప్పటిదాకా ఇరుక్కున్న ఏడు మెయిళ్లూ వరసగా వెళ్లిపోయాయి, ఆ లాగ్‌లో స్టేటస్ సెంట్ అని ఏడు సార్లు పడుతుంటే ముగ్గురం కాల్‌లో కేకలేశాం.

ఇప్పటికి మూడు డొమైన్లూ అటూ ఇటూ మాట్లాడుకుంటున్నాయి. టీఎల్ఎస్ (మెయిల్ సర్వర్ల మధ్య ఎన్‌క్రిప్షన్) ఇంకా "మే" దగ్గరే ఉంది, అంటే అవతలివాళ్లకి ఉంటే వాడు లేకపోతే మామూలుగా పంపు అని, టనెల్ ఎలాగూ ఎన్‌క్రిప్ట్ చేస్తోంది కాబట్టి తొందరేం లేదు, సొంత సర్టిఫికెట్ అథారిటీ పెట్టుకున్నాక మారుస్తాం. వచ్చే ఆదివారం నా సర్వర్‌ని పూర్తిగా ఆపేసి రావి నుంచి చింతకి, చింత నుంచి రావికి నేరుగా వెళ్తున్నాయా లేదా చూడాలి, ఆ తర్వాత చింతని ఆపి రావి నుంచి చింతకి పంపిన మెయిల్ నా క్యూలోకి వచ్చి కూర్చుంటుందో లేదో చూడాలి.