అమ్మ సీడీల డబ్బా, నా డీవీడీ ప్లేయర్ వేట

మా అమ్మ దగ్గర ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. అందులో ఒగ్గుకథ వీసీడీలు, అక్క పెళ్లి డీవీడీ. ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసి రెండేళ్లయింది. దసరాకు ఊరికి పోతే "చిన్నది, అగ్గువది ఒకటి తే బిడ్డా" అంది.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాలుగు షాపులు తిరిగాను. "ఇప్పుడు ఇవెవరు కొంటున్నరన్నా? పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకో" అని ఒకాయన నవ్వాడు. అమ్మకు పెన్‌డ్రైవ్ ఇస్తే పోపుల డబ్బాలో కలిసిపోతుంది.

నేను చేసిన తెలివైన పని ఒక్కటే, పెళ్లి డిస్కు వెంట తీసుకుపోవడం. కంపెనీ డిస్కు దాదాపు ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. స్టూడియోవాళ్లు రైట్ చేసి ఇచ్చే డీవీడీ-ఆర్ లేజర్ వెలుగును కొంచెం తక్కువగా తిప్పి పంపుతుంది. నాసిరకం లెన్సు అక్కడే దొరికిపోతుంది. మొదటి షాపులో చూపించిన 1,400 రూపాయల ప్లేయర్ 'నో డిస్క్' అని చేతులెత్తేసింది.

మాది ఇంకా డబ్బా టీవీ, కాబట్టి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు ఉండాల్సిందే. ఇంకోటి, వెనుక '100-240 వోల్టులు' అని ఉందా అని చూశాను. పొలం మోటార్లు వేస్తే మా ఊళ్లో కరెంటు డిమ్ అవుతుంది మరి.

చివరికి 1,800కు కుదిరింది. అమ్మ ముందు పెట్టించింది పెళ్లి కాదు, మల్లన్న కథ. వీసీడీలో 74 నుంచి 80 నిమిషాలే పడతాయి, రెండోది మార్చమని నిద్రలో నన్ను లేపింది.