విశాఖలో తెలుగు మాట్లాడదట

డల్లాస్‌లో ఉన్నంతకాలం మా అమ్మాయి తెలుగులోనే అలుగుతుంది, తెలుగులోనే బేరాలాడుతుంది, తమ్ముడిని తెలుగులోనే తిడుతుంది. ఈ వేసవిలో ఎంవీపీ కాలనీలోని అమ్మ ఇంటికి వచ్చాక మాత్రం "ఇక్కడ నేను తెలుగు మాట్లాడను" అని తేల్చి చెప్పేసింది. ఏ ఊళ్లో మాట్లాడాలని ఇన్నేళ్లుగా ఆదివారాల నిద్ర చెడగొట్టి తెలుగు బడికి తీసుకెళ్లానో, సరిగ్గా ఆ ఊళ్లోనే మాట్లాడదట.

కారణం చూస్తే చిన్నదే. మా పెదనాన్నను పట్టుకుని "నువ్వు అన్నం తిన్నావా" అని అడిగింది. పిన్ని పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మాటను, ఆ యాసతో సహా, ఎవరో ఒకరు అభినయించి చూపించారు. అక్కడితో ఆగినా సర్దుకునేదేమో. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ బండి దగ్గర "కారం తక్కువ వేయండి" అని, ఈసారి మర్యాద కూడా చేర్చి, శుభ్రంగానే అడిగింది. బండి అతను ఇంగ్లీషులో జవాబిచ్చాడు. పాపం, ఆయన మర్యాదకే అలా మాట్లాడి ఉంటాడు. దీని మొహం మాత్రం మాడిపోయింది.

ప్రేమ ఉన్నవాళ్లే నవ్వుతారని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "సెలీనా గోమెజ్‌ని కూడా ఇలాగే అన్నారు. ఆమెకు సినిమా కాబట్టి తప్పలేదు. నాకేం అవసరం?" అంది. నాకు ఆ పేరు దీని గది గోడ మీద పోస్టరుగానే పరిచయం. పన్నెండేళ్ల పిల్లతో వాదనలో ఓడిపోవడం నా స్వభావంలో లేదు కనుక ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో ఆమె జీవితమంతా చదవడానికి కూర్చున్నాను. ఇంటి భాష వదిలేస్తే ఎంత పెద్ద తారకైనా తిప్పలు తప్పవని సాక్ష్యం పట్టుకొద్దామని నా ఆశ.

ఆమె పుట్టింది 1992లో, గ్రాండ్ ప్రెయిరీలో. డల్లాస్ పక్కనే, ఎన్నోసార్లు మేము దాటి వెళ్లే ఊరే. తండ్రి వైపు వాళ్లది మెక్సికో. తల్లికి అప్పటికి పదహారేళ్లు, బిడ్డకు ఐదేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పిల్లల టీవీ కార్యక్రమంతో నటన మొదలుపెట్టి, 2007లో డిస్నీ చానెల్ ధారావాహికతో ఇంటింటికీ తెలిసింది, తర్వాత పాప్ గాయని అయింది. ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు వల్ల 2017లో స్నేహితురాలి కిడ్నీ పెట్టించుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఏ పాట ఎంత ఆదరణ పొందిందో చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానం 2019లో గానీ దక్కలేదు. ఇవన్నీ గబగబా దాటేశాను, నాకు కావలసింది స్పానిష్ సంగతి.

చిన్నప్పుడు ఆమెకు స్పానిష్ బాగానే వచ్చేదట. పనిలో పడ్డాక చుట్టూ అంతా ఇంగ్లీషే కావడంతో పోయిందని ఆమే చెప్పుకుంది. అయినా 2021లో స్పానిష్ పాటలతోనే 'రెవెలసియోన్' అనే చిన్న ఆల్బమ్ చేస్తే గ్రామీ నామినేషన్ వచ్చింది. 2024లో 'ఎమీలియా పేరెస్' సినిమాలో స్పానిష్ మాట్లాడే పాత్ర వేసింది. కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతిని ఆమెకూ మరో ముగ్గురికీ కలిపి ఇచ్చారు. ఆ ఏడాది చివర్లో మెక్సికో నటుడు యుహేనియో దెర్బెస్ ఒక పాడ్‌కాస్ట్‌లో ఆ నటనను సమర్థించడం కుదరదన్నట్టు మాట్లాడాడు. దొరికిన సమయంలో చేయగలిగినంత చేశానని ఆమె బదులిచ్చింది, ఆయన తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. కాన్‌లో బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతల చెవికి అడ్డు రాని యాస ఇంటివాళ్ల చెవికి అడ్డు వచ్చింది. మా పిన్ని కూడా ఇంటి మనిషే కదా.

ఇంకాస్త చదివితే ఆమెకు ఆ పేరు ఎవరిని చూసి పెట్టారో తెలిసింది. సెలీనా కింతానియా. 1971లో టెక్సస్‌లోనే పుట్టిన ఆమెకు మొదటి భాష ఇంగ్లీషే. టెక్సస్‌లోని మెక్సికన్లు వినే తెహానో పాటలు పాడితేనే బతుకుతెరువని తండ్రి పట్టుబట్టాడు. ఆయన హోటల్ మూతపడి కుటుంబం రోడ్డున పడ్డ రోజులవి. అర్థం పూర్తిగా తెలియకుండానే ఆ పిల్ల స్పానిష్ పాటలను శబ్దాలుగా బట్టీ పట్టి పాడింది. పెద్దయ్యాక మెక్సికో విలేకరుల ముందు తప్పులతోనే స్పానిష్ మాట్లాడితే వాళ్లు ముచ్చటపడ్డారు. 1994లో గ్రామీ అందుకుంది. మరుసటి ఏడాది మార్చి 31న, ఆమె అభిమాన సంఘాన్ని నడిపిన మనిషే కాల్చి చంపింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. ఆ జూలైలో వచ్చిన ఆల్బమ్ బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో నేరుగా మొదటి స్థానానికి చేరింది.

ఆ తండ్రి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన పట్టుబట్టకపోతే ఆ గాయని లేదు. ఆయనలో నేను కనిపించడం మాత్రం నాకు నచ్చలేదు.

పొద్దున్నే నా సాక్ష్యాలతో వెళ్తే అది ఇంకొకటి చూపించింది. టీవీలో ఏదో సినిమా వేడుక. ఈ ఊళ్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో ఇలాంటివి ఎన్ని జరిగాయో. ముంబయి నుంచి వచ్చిన కథానాయిక "అందరికీ నమస్కారం, బాగున్నారా" అని కష్టపడి కూడబలుక్కుంది. జనం ఈలలు, కేకలు. "నాకంటే ఆమెకే తెలుగు తక్కువ వచ్చు. ఆమెకు చప్పట్లు, నాకు నవ్వులా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తెరమీద ఆమెకు గొంతు అరువిచ్చిన డబ్బింగ్ కళాకారిణి పేరైనా మనం గుర్తుపెట్టుకోం. వచ్చీరాని రెండు మాటలకు మాత్రం మురిసిపోతాం. పరాయివాళ్లు తెలుగు పలికితే అది మనకు కానుక. మన పిల్లలు పలికితే బాకీ వసూలు.

బాకీ గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిది? ఇదే ఊళ్లో నేను చదివిన ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా కట్టించేవారు. ఇంటికొచ్చి అమ్మతో ఇంగ్లీషులో మాట్లాడితే ఆవిడ పొంగిపోయి పక్కింటివాళ్లను పిలిచేది. ఇప్పుడు ఆవిడే మనవరాలి తెలుగు విని నిట్టూరుస్తుంది.

పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి దిద్దకండి, వాళ్ల మాటలను నలుగురి ముందు ప్రదర్శనకు పెట్టకండి అని సలహా ఇవ్వాలని ఇది రాయడం మొదలుపెట్టాను. నిన్న సాయంత్రం ఆ సలహాను పిన్ని మీద ప్రయోగించాను కూడా. "మా పిల్లను చూసి మేము నవ్వుకోకూడదా? అక్కడికి వెళ్లి నువ్వూ అతిథివైపోయావే అమ్మా" అంది. ఆవిడ కంట్లో నీళ్లు. ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు. మా ఇంట్లో ఆటపట్టించడం మానేశారంటే పరాయివాళ్లను చేసేశారనే లెక్క. కానీ ఆ లెక్క నేర్చుకోవడానికి కావలసిన పదేళ్లూ ఈ ఊళ్లో గడిపే వీలు దీనికి నేను ఇవ్వలేదు. దిద్దకపోతే అందరినీ "నువ్వు" అంటూనే పెరుగుతుంది, దిద్దితే నోరే విప్పదు. రెండింట్లో ఏది మేలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

ప్రస్తుతానికి అమ్మాయి ఒక ఒప్పందం పెట్టింది. ఆఫీసు ఫోను రాగానే నా గొంతు మారిపోతుందట, అమెరికా వాళ్లకంటే ఎక్కువగా వంకర్లు తిప్పుతానట. నిజమే. ఈ రాత్రి మీటింగ్‌లో పిన్నితో మాట్లాడినంత విశాఖ యాసతోనే ఇంగ్లీషు మాట్లాడితే, రేపటి నుంచి తను అందరితో తెలుగు మాట్లాడుతుందట. పక్కన కూర్చుని వింటానంది. ఆ ఫోనులో మా మేనేజరూ ఉంటాడు. నేను ఇంకా సరేననలేదు.