మా ఇంట్లో ముస్సోలినీ

"వాడు చెప్పేదాంట్లో తప్పేముందే? ఇప్పుడు కూడా అట్లాంటోడు ఒకడు రావాల." సాయంత్రం అత్త అన్న ఈ మాటే ఇంకా బుర్రలో తిరుగుతోంది. వాడు అంటే మా చిన్నోడు. చెప్పింది మాత్రం ఇటలీ నియంత ముస్సోలినీ మాటలు.

తొమ్మిదో తరగతి సోషల్ గ్రూప్ ప్రాజెక్టు. గ్రూపుకో సిద్ధాంతం. చార్టు వెయ్యాలి, ఆ కాలం మనిషిలా నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాలి. చీటీలు తీస్తే పక్క గ్రూపులకి ఉదారవాదం, సామ్యవాదం వచ్చాయి, మావాళ్ళకి ఫాసిజం, అంటే ఒకే నాయకుడు, ఒకే పార్టీ.

గ్రూప్ ప్రాజెక్టు అని పేరే గానీ ఇందులో గ్రూపు ఎక్కడుందో నాకు కనపడలేదు. ఒకడు పెళ్ళికని మదనపల్లె పోయాడు. ఒకడి రాత బాగుండదట. ఇంకో అమ్మాయికి ట్యూషన్. ఆ అమ్మాయి తల్లి మాత్రం వాట్సాప్‌లో "ఫోటోలు ఇంకా పెద్దవి పెట్టండి" అని సలహాలు పంపుతూ ఉంటుంది. థర్మాకోల్ కోసం శనివారం గాంధీ రోడ్డులో, ఆ యాత్రికుల రద్దీలో, తిరిగింది నేను. కలర్ ప్రింట్ల డబ్బులు కట్టిందీ నేనే. మార్కులు మాత్రం అందరికీ సమానం! వీడేమో వాళ్ళ నాన్న అయ్యప్ప మాలకి కుట్టించుకున్న నల్లచొక్కా కావాలని కూర్చున్నాడు, ముస్సోలినీ మనుషులు నల్లచొక్కాలు వేసుకునేవాళ్ళు కదా అని. స్వామి చొక్కా వాడికిస్తానా? పెద్ద రభస.

సాయంత్రం హాల్లో ప్రాక్టీసు. 1919, 20ల్లో ఇటలీ ఎట్లా ఉందో చెప్పాడు. మొదటి ప్రపంచయుద్ధం గెలిచినా చేతికేమీ రాలేదని కోపం, పనుల్లేవు, ఎక్కడ చూసినా సమ్మెలు. "నాకు అధికారం ఇవ్వండి, దేశాన్ని ఒక దారిలో పెడతా" అని చెయ్యి ఊపాడు. 1922 అక్టోబరులో నల్లచొక్కాలవాళ్ళు రోమ్ మీదికి కదిలితే, రాజు ముస్సోలినీనే పిలిచి ప్రభుత్వం అప్పజెప్పాడన్న దగ్గర అత్త చప్పట్లు కొట్టింది. బస్సుల సమ్మెకి ఏదో పెళ్ళి తప్పిపోయిన కోపం ఆమెకి ఇంకా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. పిల్లలచేత ఇవేం మాటలని టీచరుకి మెసేజ్ టైపు చేశాను.

తర్వాత తుడిపేశాను. పుస్తకంలో 'ఫాసిజం చెడ్డది' అని చదివితే ఒక మార్కు వస్తుంది, అంతే. ఆ ఫాసిజం మాటలు చెవికి ఎంత ఇంపుగా ఉంటాయో ఈరోజు మా హాల్లోనే చూశాను. 1914లో బయటికి పంపేదాకా ఆ మనిషి సోషలిస్టు పార్టీలోనే ఉన్నాడని, ఆ పార్టీ పత్రిక నడిపాడని నాకూ వీడు చెప్తేనే తెలిసింది. ఏ మాటకి జనం కదులుతారో అక్కడే నేర్చుకున్నాడేమో.

మా తాత గుర్తొచ్చాడు. తాతది నక్షత్రం గుర్తు, అంటే స్వతంత్ర పార్టీ. అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా పోతే 1962లో చిత్తూరు పార్లమెంటు సీటుకి ఉప ఎన్నిక వచ్చింది, స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి. రంగా ఇక్కడి నుంచే గెలిచాడు. ఆ గెలుపు తన సొంత గెలుపైనట్టు చెప్పేవాడు తాత. ఆయన తమ్ముడిది కంకి కొడవలి. నా చిన్నతనానికి స్వతంత్ర పార్టీ పోయి ఏళ్ళైనా అరుగు మీద గొడవ మాత్రం ఆగలేదు. సహకార వ్యవసాయమంటే మన భూమి సర్కారు నోట్లో పెట్టడమే అని తాత. నీకు నీళ్ళున్నాయి కాబట్టి అట్లా మాట్లాడతావు, సెంటు భూమి లేనోడి సంగతేంది అని చిన్నతాత. అవ్వ సంగటి పెట్టి పిలిచినా లేచేవాళ్ళు కాదు. తమాషా ఏమంటే ఇద్దరికీ బావి ఒకటే, చెనక్కాయ చేనుకి నీళ్ళు వంతులవారీగా కట్టుకునేవాళ్ళు. ఆ వంతు మీద ఎప్పుడూ తగువు రాలేదు. సహకారం వద్దన్న మనిషే చిన్నతాతకి జ్వరమొస్తే ఆయన వంతు కూడా తనే కట్టేవాడు.

అక్కడ ఒకడు మాట్లాడితే ఎదురు చెప్పేవాడు పక్కనే ఉండేవాడు. ఇక్కడ మా చిన్నోడికి ఎదురెవరు? అందుకే టీచరు చేసింది మంచిదే అన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా అనలేకపోతున్నాను. 1924లో ఎన్నికల్లో దౌర్జన్యం జరిగిందని పార్లమెంటులో లేచి చెప్పిన సోషలిస్టు సభ్యుడు మత్తెయొత్తీని కొన్ని రోజులకే ఎత్తుకుపోయి చంపేశారు. 1926కల్లా వేరే పార్టీలు లేవు, సమ్మె చేసే హక్కు లేదు. అది చార్టులో కింద మూల, చిన్న అక్షరాల్లో ఉంది. వీడి మాటల్లో అసలు లేదు.

"ఆ మత్తెయొత్తీగా ఎవరినైనా లేపండిరా" అన్నాను.

"ఒక్కడికే ఛాన్సు మా. రెండు నిమిషాలకి బెల్ కొట్టేస్తారు" అన్నాడు.

మదనపల్లె పెళ్ళి నుంచి ఆ అబ్బాయి రేపు పొద్దున నేరుగా స్కూలుకే వస్తాడట. వాళ్ళమ్మకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, మత్తెయొత్తీ వేషం మీవాడిది, నాలుగు వాక్యాలు పంపిస్తున్నా, బస్సులో బట్టీ పట్టించండి అని. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.