ఏడుస్తూ పాడే పెళ్లికూతురు

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. మధ్యాహ్నం వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తుంటే, మొన్న ఆదివారం మా అక్క మనవరాలి పెళ్లిలో జరిగిన అప్పగింతలే కళ్లలో మెదిలాయి. పాలగిన్నెలో చేతులు ముంచి అత్తమామల చేతులకు అద్దుతున్నంతసేపూ ఆ పిల్ల పెదవి బిగించి నిలబడింది. కాటుక చెదురుతుంది, ఏడవవద్దని పక్కనున్నవాళ్లు చెబుతూనే ఉన్నారు. అప్పగింతల పాట ఎత్తుకునేవారు ఒక్కరూ లేకపోయారు. అప్పటినుంచి, ఈ మధ్య నేను చదువుతున్న తుజియా వారి పెళ్లిళ్లే గుర్తుకొస్తున్నాయి.

చైనాలో హునాన్, హుబే, గ్వేజౌ, చోంగ్‌చింగ్ ప్రాంతాలు కలిసేచోట ఉన్న వూలింగ్ కొండలు వారి నెలవు. తమను తాము బిజికా అని చెప్పుకునే ఈ జనానికి 1957లో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. వారి పాత భాషకు సొంత లిపి లేదు కనుక, చెప్పవలసినదంతా పాటలోనే దాచుకున్నారు.

వారి పాత ఆచారంలో పెళ్లికూతురి ఏడుపు ఒక విద్య. దానిని కుజియా అంటారు. ముహూర్తానికి ఎన్నో రోజుల ముందు, కొన్నిచోట్ల నెల ముందు నుంచే, ఆ పిల్ల రాగం కట్టి ఏడవడం మొదలుపెడుతుంది. తల్లి కోసం ఒక పాట, తండ్రి కోసం ఒకటి, అన్నకు, వదినకు వేరువేరుగా పాటలు ఉంటాయి. తల్లి కూడా ఏడుస్తూనే బదులు పాడుతుంది. పెళ్లి ముందు రాత్రి తోటి కన్యలు చుట్టూ చేరగా పదిమందీ కలిసి పాడతారు. బాగా ఏడవగలిగిన పిల్లను తెలివైనదని మెచ్చుకునేవారట. నన్ను అన్నిటికన్నా కదిలించినది మాత్రం పెళ్లిళ్ల పేరయ్యను తిట్టే పాట. నోటికి వచ్చినట్టు తిట్టినా ఆ రోజు ఎవరూ తప్పుపట్టరు. పద్దెనిమిదో శతాబ్దంలో చైనాను ఏలుతున్న చింగ్ వంశపు ప్రభుత్వం స్థానిక నాయకుల పాలనను రద్దుచేసి తన అధికారులను పంపిన తరువాత, పాటలతో మనసులు కలుపుకునే పాత పద్ధతి తగ్గి, పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు బలపడ్డాయని చదివాక, ఆ తిట్లలో ఎంత బాధ ఉందో నాకు అర్థమైంది. అడగకుండా పంపిస్తున్నవారితో ఒక ఆడపిల్ల మనసు విప్పి మాట్లాడగలిగిన రోజులు అవేనేమో.

ఆ పిల్ల వెంట వెళ్లే సారెలో షీలాన్‌కాపూ అనే దుప్పటి కూడా ఉంటుంది. నడుముకు పట్టీ కట్టుకుని మగ్గం ముందు కూర్చుని, సన్నని మొన ఉన్న పనిముట్టుతో పడుగు దారాలను లెక్కపెట్టి ఎత్తుతూ, రంగురంగుల పేకను ముక్కముక్కలుగా దూర్చి పువ్వులు తేలుస్తారు. నేసేటప్పుడు కంటికి కనిపించేది వెనకవైపే. ముందువైపు ఎలా వస్తోందో చేతి లెక్కతోనే తెలుసుకోవాలి. అలా నేసిన సన్నని పట్టీలను కలిపి కుడితే దుప్పటి అవుతుంది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, అమ్మ పాడే అప్పగింతల పాట గుర్తుందా అని అడిగాను. రెండు పాదాలు తను పాడింది, మూడోది నాకు తట్టింది. నాలుగో పాదం కోసం ఇద్దరం చాలాసేపు వెతికాము. దొరికినంతవరకు ఈ పేజీ వెనక రాసి ఉంచాను.