పాఖాల శిబిరంలో పాటల ఎంపిక

మేము పదో తరగతిలో ఉండగా పాఖాల చెరువు దగ్గర జరిగిన స్కౌట్లు, గైడ్ల శీతాకాల శిబిరం గురించి రాయమని మా బడి పూర్వ విద్యార్థుల సంచిక సంపాదకవర్గం అడిగినప్పుడు, నెగడు చుట్టూ ఆడుకోవడానికి పాటలు ఎంచిన ఐదుగురు విద్యార్థుల బృందం గురించే రాస్తానని చెప్పాను. ఆ ఐదుగురిలో నేనూ ఒకడిని. మూడు రాత్రులకు సరిపడా పాటలు ఏర్చికూర్చడం మాకు అప్పగించిన పని. వినడానికి చిన్న పనే గానీ, పాట అనేది ఎలా నిలబడుతుందో, ఎందుకు కూలిపోతుందో నాకు మొదటిసారి తెలిసింది ఆ మూడు రాత్రుల్లోనే.

అడవిలో మంట పెట్టకూడదు కనుక చెరువుకట్టకు దూరంగా, ఊరి ఉన్నత పాఠశాల మైదానంలో నెగడు వేసుకున్నాం. అడుగున తుమ్మ మొద్దులు పేర్చి, వాటి మీద ఒక రైతు ఇచ్చిన నిరుటి పత్తికట్టె వేశాం. పత్తికట్టె భగ్గున లేచి కాసేపట్లోనే బూడిదవుతుంది. తుమ్మ మొద్దు ఆలస్యంగా అంటుకున్నా తెల్లవారే దాకా నిప్పు నిలుపుతుంది. ఈ తేడా పాటల వరుసకు కూడా పనికొస్తుందని అప్పటికి మాకు తెలియదు.

మొదటి రాత్రికి మేము ఎంచినవన్నీ సినిమా పాటలే. టేప్‌రికార్డరు తెచ్చుకున్నాం, క్యాసెట్టులో పాటలను వరుసగా నింపుకొని వచ్చాం, అందరికీ వచ్చిన పాటలే కనుక అందరూ ఆడతారని నమ్మాం. పల్లవి వరకు అలాగే జరిగింది. పల్లవి ముగిసి వాద్యసంగీతం రాగానే ఏం చేయాలో తెలియక ఎనభై నాలుగు మందిమీ చేతులు పట్టుకొని నిలబడిపోయాం. చరణంలో నడక మారింది, అడుగులు తప్పాయి. బడి వార్షికోత్సవం కోసం ముందే నేర్చుకున్న ఆరుగురు మాత్రం చక్కగా ఆడారు. వాళ్లను చూడడం కోసం తక్కినవాళ్లు ఒక్కొక్కరే చేతులు వదిలి వెనక్కి జరగడంతో, నాలుగో పాటకల్లా మా వలయం అర్ధచంద్రాకారంలో కూర్చున్న ప్రేక్షకులుగా మారిపోయింది. ఆడినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. చూడడానికి పుట్టిన పాటలను కలిసి ఆడడానికి ఎంచడమే మేము చేసిన పొరపాటు.

మర్నాడు ఉదయం స్కౌట్ సారు మా ఐదుగురినీ బడి ఆవరణలోని వేపచెట్టు దగ్గరికి పిలిచారు. కోప్పడలేదు. "బిడ్డా, రాసుకున్న పాటలన్నీ ఒక్కొక్కటే పాడుకుంట ఈ చెట్టు చుట్టూ మూడు సార్లు తిరగండి. ఊపిరి ఆడకపోతే ఆ పాట కొట్టెయ్యండి" అన్నారు. తిరిగాం. ఇరవైకి పైగా ఉన్న పట్టికలో మధ్యాహ్నానికి ఐదు పాటలు మిగిలాయి. పొడుగు పాదాలున్న పాటలన్నీ అడుగు వేస్తూ పాడేసరికి తెగిపోయాయి. గొంతు మారుతున్న వయసులో ఉన్న మగపిల్లలం పై స్థాయి అందుకోలేక మధ్యలోనే ఆగిపోవడంతో మరికొన్ని పోయాయి. గిరగిరా తిరగవలసిన పాటలను సారే తీయించారు. వోణీలు వేసుకున్న ఆడపిల్లలు మంట దగ్గర తిరగడం ప్రమాదమని ఆయన చెప్పిన తరువాత దాని మీద వాదన లేదు.

మిగిలినవాటిని గమనిస్తే అన్నీ ఒకే రకానివి: ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవి. బతుకమ్మ పాటలో ఎత్తుకునే అమ్మ పాదం చెప్తుంది, వలయమంతా 'ఉయ్యాలో' అంటుంది. ఆ ఒక్క మాటలోనే చప్పట్టుకు, వంగి లేవడానికి, తరువాతి అడుగుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. పాట రానివాడు కూడా ఆ మాటతో వలయంలో నిలబడగలడు. సినిమా పాటలో ఈ వెసులుబాటు లేదు. పాట పూర్తిగా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

అయితే బతుకమ్మ పాటల దగ్గరే మాకు మరొక చిక్కు వచ్చింది. శిబిరంలో వంట చేయడానికి వచ్చిన ఆయమ్మ మా సాధన విని, "అవి గౌరమ్మ చుట్టూ పాడే పాటలు గద బిడ్డా, తొమ్మిది దినాల పాటలు. మంట సుట్టు పాడుతరా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా బాధ ఉంది. ఇది మూఢనమ్మకమని బృందంలో ఒకరు అన్నా, నాకు మాత్రం ఆమె మాటలో న్యాయం కనిపించింది. ఒక పాటకు ఒక కాలమూ ఒక చోటూ ఉన్నప్పుడు దానిని ఎక్కడికి పడితే అక్కడికి లాగడం ఎంపిక అనిపించుకోదు. చివరికి ఆ నడకను మాత్రం తీసుకొని, చెరువు గురించీ గుడారాల గురించీ మా సొంత మాటలు కట్టుకున్నాం. ఆయమ్మే రెండు పాదాలు సరిచేసింది.

జాజిరి పాటకు అలాంటి అభ్యంతరం రాలేదు. ఫాల్గుణ పున్నమికి ముందు పిల్లలు కోలలు కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగి పాడేది అది. కాముని దహనంతో ముగిసే పండుగ పాట కనుక నిప్పు దానికి కొత్త కాదు.

ఇన్ని పల్లె పాటలు పెడితే చివరి రోజు వచ్చే పెద్దలు ఏమనుకుంటారోనని మాలో ఇద్దరికి బెరుకుగా ఉండేది. ఆ సాయంత్రం పాఖాల కట్ట మీద కూర్చున్నప్పుడు సారు జాయప సేనాని గురించి చెప్పారు. ఈ చెరువు తవ్విన కాలానికి ఏలిక అయిన కాకతీయ గణపతిదేవుడి గజసైన్యానికి జాయప అధిపతి. ఆయన రాసిన నృత్యశాస్త్ర గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు ఉంటే, మొదటి నాలుగు మార్గ నృత్యానివి, అంటే శాస్త్ర పద్ధతివి, చివరి నాలుగూ దేశి నృత్యానివి, అంటే ఆయా ప్రాంతాల జనం ఆటలవి. సగం పుస్తకం దేశి నృత్యాలకు ఇచ్చిన నేల మీద కూర్చొని మన ఆటలకు మనమే సిగ్గుపడడం ఏమిటని సారు అడిగారు. ఆ తరువాత బెరుకు మాట మళ్లీ రాలేదు.

రెండో రాత్రి పాటలు కుదిరాయి గానీ చప్పట్లు కుదరలేదు. మంటకు ఇవతల మేము కొట్టిన చప్పట్టుకు అవతలివాళ్ల చప్పట్టు కాస్త వెనకబడి వినిపించేది. మేము ఆగితే వాళ్లూ ఆగేవారు, పాట అంతకంతకూ నెమ్మదించేది. మరునాడు భౌతికశాస్త్రం సారు నేల మీద పుల్లతో లెక్క వేసి చూపించారు. ఎనభై నాలుగు మంది చేతులు పట్టుకొని మనిషికి ఒక మీటరు చొప్పున నిలబడితే వలయం వ్యాసం సుమారు 27 మీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కనుక అవతలి చప్పట్టు మనకు 0.08 సెకను ఆలస్యంగా చేరుతుంది. తాళానికి అది చాలా ఎక్కువ. అందుకని మూడో రాత్రి లోపలి వలయంలో 28 మందినీ, వెలుపలి వలయంలో 56 మందినీ నిలిపి, డప్పును రెండు వలయాల మధ్యకు తెచ్చాం. వ్యాసం 18 మీటర్లకు తగ్గింది. పైగా ఎదుటివాళ్ల చేతులను కాక డప్పునే అనుసరించడంతో తాళం నిలిచింది.

డప్పు కొట్టినవాడు మా తరగతివాడే. మంచుకు చర్మం మెత్తబడి మోత తగ్గినప్పుడల్లా నెగడు దగ్గరికి వెళ్లి కాచి, వేలితో మీటి చూసుకొని, డప్పు కొట్టే పుల్లలైన చిర్ర, సిటికెన పుల్ల మళ్లీ అందుకునేవాడు. అతడు కాచుకునే ఆ రెండు మూడు నిమిషాల కోసం డప్పు అక్కరలేని పాటలను వరుసలో అక్కడక్కడ అమర్చాం. మా పట్టికలో నాకు ఇప్పటికీ బాగా నచ్చే ఏర్పాటు అదే.

మూడో రాత్రి పత్తికట్టె మంట ఎత్తుగా ఉండగా జాజిరితో మొదలుపెట్టాం. తరువాత కోలాటం, ఆపైన మేము కట్టుకున్న ఉయ్యాలో పాట. నర్సంపేట వైపు లంబాడీ తండాల నుంచి వచ్చిన అక్కలు తమ తీజ్ పండుగకు చప్పట్లతో వంగుతూ ఆడే ఆటను నేర్పారు. మంట తగ్గి తుమ్మ నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి హాస్టల్లో చదువుకుంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయి రేలా పాట ఎత్తుకుంది. ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకొని, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తూ కదిలాం. ఆమె కోయ భాషలో పాడింది. మాలో చాలామందికి ఒక్క పాదమూ అర్థం కాలేదు, కానీ 'రేలా' అని అందరం అందుకున్నాం. పెద్దలుగా వచ్చినవారు కూడా కుర్చీలు వదిలి వెలుపలి వలయంలో చేరారు. ఆ పాట ఎంతసేపు సాగిందో చెప్పలేను. డప్పు మాత్రం ఆ తరువాత మోగలేదు.

ఆనాటి పట్టిక రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గర ఉంది. ఈ ఏటి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో రాత్రి నెగడు వేస్తున్నారని తెలిసి దానిని బయటికి తీశాను. కోలాటం, జాజిరి, మేము కట్టిన పాట పూర్తిగానే ఉన్నాయి. రేలా దగ్గర మాత్రం మేము అందుకున్న మాట తప్ప ఏమీ రాసి లేదు, ఎందుకంటే ఆ అమ్మాయి పాదాలను అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయింది. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలిసినవారు ఆహ్వానం అందేలా చూడాలని కోరుతున్నాను. లోపలి వలయంలో ఆమె చోటు ఖాళీగా ఉంచుతాం.