మిద్దె మీద పైపు తోట: కోతలకన్నా నీళ్లే ముఖ్యం

నిలబెట్టిన పైపు జేబుల్లో ఆకుకూరలు పెంచే టవర్ కోసం ఆరు అంగుళాల పీవీసీ పైపు ఆరడుగులది తీసుకోండి. మూడు నిలువు వరుసల్లో, ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున, నాలుగు అంగుళాల అడ్డకోతలు హ్యాక్సా బ్లేడుతో పెట్టాలి. పక్క వరుస కోతలు ఎదురెదురుగా పడితే పైపు అక్కడే విరుగుతుంది, కాస్త కిందికి జరపండి. కోత చుట్టూ వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో మెత్తబరిచి, గాజు సీసా మూతిని పైనుంచి ఏటవాలుగా దూర్చితే కింది అంచు జేబులా బయటికొస్తుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు, పీవీసీ మాడితే వచ్చే పొగ విషం.

అడుగు అడుగున్నర బకెట్‌లో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టండి. కాంక్రీటుకు సరిగ్గా పైన పైపుకు నాలుగు రంధ్రాలు లేకపోతే వేర్లు కుళ్లుతాయి.

చాలామంది టవర్లు చచ్చేది నీళ్ల దగ్గరే. పైన పోసినవి ఒక పక్కగా జారిపోయి, నడిమి జేబులు ఎండుతాయి. అందుకే మధ్యలో అంగుళం పైపు నిలబెట్టి, అడుగు మూసి, పై భాగంలో ఎక్కువ, కింద తక్కువగా సన్న రంధ్రాలు వేసి, పాత నూలుబట్ట చుట్టాలి. ఉత్త రేగడి పనికిరాదు, ఎండితే బిగుసుకుంటుంది. చెల్క మట్టి (ఎర్ర ఇసుక మట్టి), కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి పైపు నింపండి.

వరంగల్ మే ఎండకు పైపు పెనంలా కాలుతుంది. తెల్ల సున్నం, పైన ఎండను సగం ఆపే 50 శాతం షేడ్‌నెట్ తప్పవు. పాలకూర, మెంతి, పుదీనా బాగొస్తాయి. వంకాయ, టమాటకు ఈ జేబులు చాలవు.